పదకొండూ నలభై రెండు

మాంట్రియల్ నించి కవరొచ్చింది,
అద్దె కార్ల కంపెనీ వాళ్ళది.
గిలేన్ అనే నా పేరుని గియోమ్ చేసి
పైన మగాణ్ణి చేశారు.
లోపల నాలుగు చలానాలు.
ఒక్కోదానికీ వాళ్ళ శ్రమకి నలభై డాలర్లు విడిగా.
అడుగున ఒక మర్యాద: మళ్ళీ దయచేయండి.

వంటింటి బల్ల మీద తేదీల వరసన పరిచాను.
రెజాన్ ఉంటే పేకముక్కలనుకునేవాడు:
"చెత్త చెయ్యి పడిందక్కా, దించెయ్."

ఫిబ్రవరి ఆరు, ఉదయం తొమ్మిదీ పది.
మీటరు దాటి పదిహేను నిమిషాలట.
ఆ పదిహేను నిమిషాలూ
డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
ఎప్పుడూ నిలబడి మాట్లాడే డాక్టరు
కూర్చున్నాడంటే
మీటరు ఎవరికి గుర్తుంటుంది?

ఏడు, మధ్యాహ్నం రెండూ యాభై.
ఫైరింజన్ల నీటి గొట్టానికి అడ్డంగా నిలిపానట.
నడుం లోతు మంచులో గొట్టం ఉందని
నాకు కలొచ్చిందా?
నేనప్పుడు మూల కొట్లో బ్లేడ్లు కొంటున్నాను.
మాసిన గడ్డంతో మనుషుల ఎదుట పడడు వాడు.
ఎవరూ రాలేదు.
అయినా గీశాను. చుబుకం కింద చిన్న గాటు పడింది.
"కారు కూడా ఇలాగే నడుపుతావా" అన్నాడు.

ఎనిమిది. ఇదే ఖరీదైనది.
నారింజ రంగు బోర్డులు సాయంత్రమే పాతారు, చూశాను,
చదవలేదు.
రాత్రి కిటికీ కింద రెండు గొంతుల సైరన్ మొదలైంది.
ఇరవై తొమ్మిదేళ్ళు నగరానికి మంచు ఎత్తిపోసిన చెవులు వాడివి.
కళ్ళు తెరవకుండానే,
"లాక్కెళ్ళే బండి. అయిదు నిమిషాలిస్తారు. పో."
"నాది కాదుగా, అద్దెది."
"అద్దెదైతే కొక్కెం పట్టదా?"
నవ్వబోయి దగ్గాడు. కాసేపటికి,
"నీలాంటి వాళ్ళని తిట్టుకుంటూనే
నా బతుకు తెల్లారింది.
ఒక్క కారు అడ్డం, వీధి వీధంతా ఆగిపోద్ది."
నేను కదల్లేదు.
సైరన్ ఆగింది. గొలుసు బిగిసింది.
"ముందు చక్రాలు లేపారు" అన్నాడు
పక్కింటి పని తప్పుపట్టే మేస్త్రీలా.

చలానా మీద పదకొండూ నలభై రెండు.
వాడి చివరి మాట ఎన్నింటికో
ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడా లేదు.
ఇందులో ఉంది,
సంతకంతో సహా.

ఈ ఊళ్ళో మంచు ఎత్తే రాత్రి కారుని బందిలదొడ్లో పెట్టరు.
పక్క వీధుల్లో ఎక్కడో దింపేసి పోతారు.
వెతుక్కోవడం మన పని.
పొద్దున్నే బయల్దేరాను. చేతిలో వాడి సంచి:
చెప్పులు, కళ్ళజోడు, వాడగా మిగిలిన బ్లేడ్లు.
కారు తెల్లది. వీధి తెల్లది.
నంబరు నాకు తెలియదు, మూడు రోజుల పరిచయం.
తాళం నొక్కుకుంటూ నడిచాను
ఎక్కడైనా పలుకుతుందేమోనని.
ఒకదాని మీద మంచంతా మోచేత్తో తోసి చూస్తే
వెనక సీట్లో పసిపిల్ల కుర్చీ.
నాది కాదు.
సగంలో వదల్లేక అద్దాలన్నీ తుడిచిపెట్టాను.

మూడో వీధిలో దొరికింది.
అంచుకి జానెడు దూరంలో, ఎవరికీ అడ్డం కాకుండా, పొందిగ్గా.
నేనెన్నడూ అంత బాగా పెట్టలేదు.

ఇక నాలుగోది. తొమ్మిది, ఉదయం పదీ అయిదు.
ఆ వీధివాసులకి మాత్రమే ఉన్న చోటట.
మంచు దులపని అద్దాల వెనక
సంచి ఒళ్ళో పెట్టుకుని
నేనా లోపలే కూర్చుని ఉన్నాను.
వైపరు ఎత్తిన చప్పుడు విన్నాను,
చెట్టు మీంచి మంచు జారిందనుకున్నాను.

మూడింటికీ డబ్బు కట్టేశాను.
నాలుగోదాని మీద అభ్యంతరం చెప్పుకోవచ్చట
ముప్పై రోజుల్లోగా.
కారణం రాయడానికి మూడు గీతలిచ్చారు.
మొదటి గీత మీద రాశాను:
"ఆ సమయంలో కారు ఖాళీగా లేదు."
రెండు గీతలు మిగిలాయి.
కలం మూత ఇంకా పెట్టలేదు.